మొదటి పిలుపుకే పలికే మనిషి

అశోక్‌నగర్‌లోని ఆ మూడంతస్తుల ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా మెట్ల దగ్గరికి వచ్చి "మాసమ్మా!" అని ఒక్క కేక వేస్తే చాలు. రెండో కేక వేయాల్సిన అవసరం ఎన్నడూ పడలేదు. అంట్లు తోముతున్నా, అన్నం ముందు కూర్చున్నా, ఒళ్లు వెచ్చబడి ముసుగు తన్ని పడుకున్నా, మాసమ్మ మొదటి పిలుపుకే "ఆ, వస్తున్న" అని పలికేది. ఆ మాట పూర్తయ్యేలోగానే ఆమె కాలు మెట్టు మీద ఉండేది.

మాసమ్మ వాళ్లది పాలమూరు. పెళ్లయిన ఏడాదే మొగుడు బీరయ్య వెంట పట్నం వచ్చింది. ఆ ఇంటి పునాదులు తవ్వినప్పుడు తట్ట మోసింది ఆమే. స్లాబుకు సెంట్రింగ్ కొట్టింది బీరయ్య. ఇల్లు లేచాక ఇంటావిడ విద్యావతి, మనుషులు నెమ్మదస్తులని చూసి, వాళ్లనే కాపలాకు ఉండమంది. మెట్ల కింద గది వాళ్లది. అందుకు బదులుగా మాసమ్మ ఇల్లంతా ఊడవాలి, నీళ్లు పట్టాలి, పిలిస్తే పలకాలి. బీరయ్య పగలు కూలికి పోయినా చీకటి పడే వేళకు గేటు దగ్గర ఉండాలి. అప్పటిదాకా ఇటుకలు పేర్చి పైన టార్పాలిన్ కప్పుకుని బతికినవాళ్లు. తలుపూ, తలుపుకు గొళ్లెమూ ఉన్న గది దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు? స్వర్ణ ఆ గదిలోనే పుట్టింది.

విద్యావతి టీచరుగా పనిచేసి రిటైరయింది. క్లాసులో పిల్లల నోరు మూయించడంలో ఆమె తరువాతే ఎవరైనా అని పేరు. ఉద్యోగం అయిపోయింది కానీ ఆ అలవాటు అయిపోలేదు. మధ్య అంతస్తులో తానుండి, కింది గదులూ పై గదులూ గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్లకు కిరాయికిచ్చింది. తొంభైల్లో ఆ వీధుల నిండా వాళ్లే. పొద్దున లేచి చిక్కడపల్లి లైబ్రరీకి పోవడం, మధ్యాహ్నం వచ్చి మెస్సులో ఇంత తిని మళ్లీ పుస్తకం పట్టడం, అదే వాళ్ల లోకం. "మా ఇంట్ల చీమ చిటుక్కుమన్నా వినపడ్తది, అంత సైలెంటుగ ఉంటది" అని చెప్పి ఆమె గదులిచ్చేది. ఆ ఇంట్లో గొంతెత్తే హక్కు ఒక్క ఆమె కేకకే ఉండేది. తలకు నూనె కావాలన్నా, మంచం జరపాలన్నా, దీర్ఘం తీసి "మాసమ్మా!" అని ఆమె పిలిస్తే మూడంతస్తులూ వినేవి. దానివల్ల ఎవరి చదువూ చెడేది కాదు మరి.

చప్పుడయ్యేది స్వర్ణ వల్లే. ఉయ్యాలలో ఉన్నప్పుడే టీచరమ్మ ఒకసారి కిందికి దిగి వచ్చింది. "మాసమ్మా, బిడ్డ ఏడుపు పైకి వినపడుతుంది. పిల్లలు చదువుకుంటున్నరు. జర చూసుకో" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ 'జర' చాలు, గది పోతుందేమోనన్న భయం మాసమ్మ ఎముకల్లోకి పోయింది. అప్పటినుంచి బిడ్డ ఏడుపు అందుకునేలోపే రొమ్ము అందించేది. మూతి ముడుచుకుంటే చాలు, భుజాన వేసుకుని సంపు వెనక్కి పోయేది. పాకే వయసులో బిడ్డ ఏదో గొణగబోతే మూతి మీద చెయ్యి పెట్టి, వేలు చూపించి "ష్..." అనేది. అత్త తిమ్మమ్మ ఊరి నుంచి తెచ్చిన మువ్వల పట్టీలు ఒక్క పూటే బిడ్డ కాళ్లకున్నాయి. ఆ పూటే విప్పి, గుడ్డలో చుట్టి, బియ్యం డబ్బాలో దాచింది.

దీన్ని మాసమ్మ కష్టమనుకోలేదు. గొప్పనుకుంది. ఇంటికొచ్చినవాళ్లు "ఎంత బుద్ధిమంతురాలు నీ బిడ్డ! ఉన్నట్టే తెల్వది" అంటే పొంగిపోయేది. తల్లీబిడ్డల మధ్య మాటతో పనే ఉండేది కాదు. స్వర్ణ కుండ వైపు చూస్తే నీళ్లు, గిన్నె వైపు చూస్తే బువ్వ. కళ్లు నలిపితే పక్క. బీరయ్య కూడా పని నుంచి వచ్చి అలసటతో గోడకు ఒరిగేవాడే కానీ మాటల మనిషి కాదు. ఆ గదిలో ముగ్గురూ నోరు విప్పకుండానే పగలు రాత్రయ్యేది.

మూడో ఏడు నిండినా స్వర్ణ నోట ఒక్క మాట రాలేదు.

మొదట కంగారు పడింది, ఊరి నుంచి చూడవచ్చిన తిమ్మమ్మ. వస అరగదీసి మనవరాలి నాలుక మీద రాసింది. చిలుక కొరికిన జామపండు తినిపిస్తే మాటలు వస్తాయని కోడల్ని చిక్కడపల్లి మార్కెట్టుకు తరిమింది. చిలుక కొరికిన పండు కావాలంటే బండివాడు పురుగు తొలిచినవన్నీ ఏరి ముందు పెట్టాడు. "చిల్క కొరికిందో ఎల్క కొరికిందో నాకేం తెల్సు, తీస్కపో" అన్నాడు. మాసమ్మ వాటిలోనే మంచిది వెతికి తెచ్చింది. బిడ్డను ఎత్తుకుని గుళ్లో గంట కొట్టించింది. ఏదీ పని చేయలేదు. "ఆడపిల్లనే గదా, మాటలు తక్కువుంటేనే మంచిది, రేపు అత్తగారింట్ల సుఖపడ్తది" అన్న మహాతల్లులూ ఉన్నారు. మాట రాని ఆడపిల్లంటే ఈ లోకానికి ఎంత ముద్దో!

ఆ మాటలు విని మాసమ్మ కొన్నాళ్లు ఊరుకుంది కూడా. ఊరుకోలేకుండా చేసింది ఇనప గేటు.

ఒకరోజు పొద్దున నీళ్లు పడుతూ తలెత్తి చూస్తే స్వర్ణ గేటు దగ్గర కదలకుండా నిలబడి ఉంది. పిలిచినా రాలేదు. దగ్గరికి పోయి చూస్తే గేటు సందులో వేళ్లు ఇరుక్కుని ఉన్నాయి. ఎవరో సైకిలు బయటికి తీసి, చూసుకోకుండా గేటు మూసి పోయారు. వేళ్లు నల్లబడ్డాయి. బిడ్డ కళ్లలోంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. నోరు మాత్రం గట్టిగా మూసుకుని ఉంది. రెండో చేత్తో తన నోటిని తానే అదుముకుంది.

మాసమ్మ బిడ్డను లాక్కుని గుండెలకు అదుముకుంది. కింది గదిలో ఉండే నాగేందర్ పుస్తకం చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. ఏదో పల్లెటూరి నుంచి వచ్చి రెండేళ్లుగా పరీక్షలు రాస్తున్న కుర్రాడు. ఆ వేళ్లు చూసి గాబరా పడ్డాడు.

"గింత దెబ్బ తాకితే పిల్ల అరవకపోవుడేందక్కా? నా తలుపు పక్కనే గదా, నాకు వినపడలే. ఇది మంచిగ లేదు. జర డాక్టరుకు చూపియ్యి. నారాయణగూడల మాటలు రాని పిల్లలకు నేర్పే మేడం ఉన్నదట."

ఆ రాత్రి మాసమ్మకు అన్నం సయించలేదు. మాటలు రాకపోతే పోనీ, ఎలాగో బతుకుతుందనుకుంది ఇన్నాళ్లూ. రేపు బిడ్డను బండి గుద్దినా, ఎవడైనా ఎత్తుకుపోయినా, అమ్మా అని అరవదు. తనకు తెలియనే తెలియదు. ఆ ఆలోచన వచ్చాక ఇంక మనిషి మనిషిలో లేదు.

ముందు సర్కారు దవాఖానలో చెవులు చూపించారు. చెవులు బాగానే ఉన్నాయన్నారు. ఆ తర్వాతే నారాయణగూడ సందులో రెండు గదుల్లో నడిచే ఆ మేడం దగ్గరికి వెళ్లారు. పేరు స్వరూప. కాటన్ చీర, కళ్లజోడు, నేల మీదే కూర్చుని పిల్లలతో ఆడే మనిషి. స్వర్ణ వెనక చిన్న డోలక్కు వాయించింది. స్వర్ణ తిరిగి చూసింది. బంతి ఇచ్చింది, ఆడుకుంది. కాసేపటికి స్వర్ణ తల్లి సంచిలో ఉన్న నీళ్ల సీసా వైపు చూసింది. మాసమ్మ సీసా తీసి మూత తిప్పింది.

"ఆగమ్మా. బిడ్డ నీళ్లు అడిగిందా?" అంది స్వరూప.

"అడిగింది గదా డాక్టరమ్మా."

"నేను వినలేదే."

"కండ్లతోటి అడిగింది."

స్వరూప నవ్వలేదు. "ఇంట్ల బిడ్డతోటి ఎవరు మాట్లాడ్తరు?" అని అడిగింది. మాసమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "మాటలు రాని పిల్లతోటి ఏం మాట్లాడ్తం?" అంది. స్వరూప ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. ఇల్లెక్కడ, ఎవరెవరుంటారు, ఏడిస్తే ఏం చేస్తావు. మాసమ్మ దాచుకోకుండా అన్నీ చెప్పింది. టీచరమ్మ సంగతి, చదువుకునే పిల్లల సంగతి, మూతి మీద పెట్టే చెయ్యి, డబ్బాలో పట్టీలు. చెబుతూ చెబుతూ తన మాట తనకే వినపడినట్టయి మధ్యలో ఆగిపోయింది.

"చూడు మాసమ్మా" అంది స్వరూప నెమ్మదిగా. "ఇదే కారణమని నేను చెప్ప. కొంతమంది పిల్లలకు ఏ కారణం లేకుండనే మాట లేటయితది. నాదే తప్పని కూసొని ఏడ్వకు, దాంతోటి ఫాయిదా లేదు. కాని మాట రావాలంటే ముందు మాట చెవుల పడాలె. దినమంతా పడాలె. రెండోది, నువ్వు చూపుకే పలుకుతున్నవు. చూస్తెనే అన్నీ వస్తుంటె ఆ పిల్లకు నోటితోటి పనేంది? ఇగ నుంచి ఆగు. నీళ్లు చేతిల పట్టుకొని, నీళ్లు, నీళ్లు అని చెప్పి, ఆగు. ఏడిస్తె ఏడ్వనీ. గొంతు లేవనీ. ఏ సప్పుడు చేసినా సంతోషపడు."

వారం వారం రమ్మంది. ఏడవకు అని చెప్పడం ఎవరికైనా తేలికే. నారాయణగూడ బస్‌స్టాపులో కూర్చుని, బస్సులు వచ్చిపోతుంటే, కొంగు నోట్లో కుక్కుకుని మాసమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరంతా మెచ్చుకున్న పెంపకం కదా తనది! పక్కన స్వర్ణ తల్లి ముఖం చూస్తూ చప్పుడు లేకుండా కూర్చుంది.

ఇంటికొచ్చాక కుండ ముందు పరీక్ష మొదలైంది. స్వర్ణ కుండ వైపు చూసింది. మాసమ్మ గ్లాసు ముంచి చేతిలో పట్టుకుంది. "నీళ్లు. నీళ్లు కావాల్నా బిడ్డా? నీళ్లు" అని ఆగింది. ఎండాకాలం. బిడ్డ పెదాలు ఎండి ఉన్నాయి. నీళ్లు చేతిలో పెట్టుకుని దప్పికైన బిడ్డకు ఇవ్వకుండా ఆగడమంటే ఆ తల్లికి నిప్పు పట్టుకున్నట్టే ఉంది. స్వర్ణ ముందు ఆశ్చర్యపోయింది. తర్వాత కొంగు లాగింది. ఆ తర్వాత ఒక్కసారిగా గొంతు విప్పి ఏడ్చింది. మాసమ్మ గబుక్కున గ్లాసు అందించి, బిడ్డ తల నిమిరి, "మంచిగేడ్చినవు నా తల్లీ" అంది.

"మాసమ్మా!" పై నుంచి కేక.

"ఆ, వస్తున్న" అని పరుగెత్తింది. టీచరమ్మ ఏమీ తిట్టలేదు. "పరీక్షలు దగ్గరికొచ్చినయ్, జర చూసుకో" అంది. ఆ సాయంత్రం బీరయ్య కూడా అదే పాట. "రూము పోతే బిడ్డను పట్టుకొని ఎక్కడుందామే? మళ్ల టార్పాలిన్ కిందికేనా?" నారాయణగూడ సంగతి చెప్పిన నాగేందరే చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఎవర్ని ఏమనగలదు? ఎవరి బతుకు వాళ్లది.

అందుకని మాసమ్మ మధ్యేమార్గం పట్టింది. ఇంట్లో మాట్లాడలేకపోతే వీధిలో మాట్లాడవచ్చు కదా అనుకుంది. టీచరమ్మ కూరగాయలకు పంపినప్పుడల్లా స్వర్ణను చంకనెత్తుకుని చిక్కడపల్లి మార్కెట్టుకు పోయేది. దారి పొడుగునా నోరు మూసేది కాదు. "అగో బస్సు. ఎర్ర బస్సు. ఇది బెండకాయ. ఇది దోసకాయ, మీ నాయినకు మస్తిష్టం. అగో కుక్క పండుకున్నది. మన ఊర్ల కూడ ఇట్లాంటి కుక్క ఉండె, దాని పేరు రాజు." ఆకుకూరలు అమ్మే భూదేవి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏమైందే మాసమ్మా, ఎప్పుడు మాట్లాడనిదానివి, నీలో నువ్వే ముచ్చట పెడుతున్నవు?" అంది. "నాలో నేను గాదు, నా బిడ్డతోటి" అంది మాసమ్మ. కొందరు పిచ్చిదనుకున్నారు. అనుకోనీ. తట్ట మోసిన రోజులు, వాళ్లమ్మ చేసే జొన్నరొట్టె, వాగులో కొట్టుకుపోయిన మేకపిల్ల, అన్నీ చెప్పింది. తనలో ఇన్ని మాటలున్నాయని మాసమ్మకే తెలియదు.

వానలు పడే రోజులకు స్వర్ణలో కదలిక వచ్చింది. మార్కెట్టులో బస్సు కనపడితే "బ, బ" అనేది. భూదేవి గంప దగ్గర గట్టిగా నవ్వేది. స్వరూప మేడం విని మాసమ్మ భుజం తట్టింది. ఆ రోజు నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ దాకా మాసమ్మ నేల మీద నడవలేదు. స్వర్ణ చంకలో కూర్చుని దారి పొడుగునా "బ, బ, బ" అంటూనే ఉంది.

గేటు దగ్గరికి వచ్చారు. మాసమ్మ గొళ్లెం తీసింది. "బ" అనబోయిన స్వర్ణ ఆగిపోయింది. తన వేలు తానే మూతి మీద పెట్టుకుని, తల్లి ముఖంలోకి చూసి, "ష్..." అంది.

మాసమ్మ కాళ్లు గేటులోనే నిలిచిపోయాయి. తాను నేర్పిన మొదటి పాఠం బిడ్డకు ఎంత బాగా వచ్చిందో చూసింది. వీధిలో మాట్లాడాలి, ఇంట్లో నోరు మూసుకోవాలి, బిడ్డ అదే నేర్చుకుంది. సంచి గది ముందు పడేసి, బిడ్డను దించి, మెట్లెక్కింది. ఎవరూ పిలవకుండా మాసమ్మ పైకి పోవడం అదే మొదలు.

విద్యావతి పేపరు చదువుతోంది. "ఏంది మాసమ్మా, నేను పిలువలేదే?"

"టీచరమ్మా, నా బిడ్డ ఇంట్ల మాట్లాడాలె. ఏడ్వాలె, నవ్వాలె, లొల్లి చేయాలె. ఇగ దాని నోరు నేను ముయ్య."

గొంతు తగ్గించలేదు. విద్యావతి కళ్లజోడు తీసింది. "మెయిన్స్ నెత్తి మీదున్నయ్. ఆ పిల్లలు ఎంత కష్టపడి చదువుతున్నరో నువ్వే చూస్తున్నవు. వాళ్లవి బతుకులు కావా?"

"బతుకులే. నా బిడ్డది కూడ బతుకే టీచరమ్మా."

విద్యావతి చెడ్డ మనిషి కాదు. కాన్పప్పుడు మాసమ్మను దవాఖానకు తీసుకుపోదామని రిక్షా పిలిపించిన మనిషి, అంతలోపే గదిలో కాన్పయింది కానీ. కానీ తన ఇంటికున్న పేరు ఆమెకు ప్రాణం. "అట్లయితే ఈ నెలాఖరుకు వేరే రూము చూసుకోండ్రి" అంది. "పరీక్షలైనంక నేనే మళ్ల రమ్మంట."

"మంచిది" అంది మాసమ్మ. కిందికి వచ్చి బియ్యం డబ్బాలోంచి గుడ్డమూట తీసింది. పట్టీలు ఇప్పుడు కాస్త బిగుతుగా ఉన్నా ఎలాగో పట్టాయి. స్వర్ణ ఒక అడుగు వేసి, ఘల్లుమంటే ఉలిక్కిపడి తల్లిని చూసింది. మాసమ్మ చప్పట్లు కొట్టింది.

బీరయ్య రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆ ఇంట్లో కొత్త కాదు కాబట్టి మాసమ్మ పట్టించుకోలేదు. మూడో రోజు వచ్చి, నల్లకుంట అవతల బస్తీలో రేకుల గది చూసి వచ్చానన్నాడు. "పక్కింట్ల రేడియో, ఎదురింట్ల మొగుడుపెండ్లాల కొట్లాట, ముందట నల్లా కాడ నీళ్ల పంచాయితీ. లొల్లి కావాలంటివి గదా, కావాల్సినంత ఉన్నది" అన్నాడు. స్వర్ణ పట్టీల వైపు చూసి అతనూ కాస్త నవ్వాడు.

వెళ్లే రోజు వచ్చింది. రిక్షా గేటు ముందు నిలబడింది. బీరయ్య ట్రంకుపెట్టె ఎక్కిస్తున్నాడు. వెళ్లిపోతున్నారని తెలిసి కూడా, ఆ పొద్దంతా విద్యావతి ఏదో ఒక పనికి పిలుస్తూనే ఉంది. చాపలు దులపమని ఒకసారి, తాళంచెవి ఎక్కడ పెట్టావని ఒకసారి. పిలిచినప్పుడల్లా మాసమ్మ పలికింది, ఎక్కింది, దిగింది. ఆఖరికి గిన్నెలు చీరలో మూట కడుతూ ఉంటే మళ్లీ వినిపించింది.

"మాసమ్మా!"

"ఆ, వస్తున్న" అని మూట వదిలేసి, అటూ ఇటూ చూడకుండా మెట్లెక్కింది. విద్యావతి తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమె ముఖం అదోలా ఉంది.

"నేను పిలువలే" అంది.

కింది నుంచి నాగేందర్ తలుపు తీసిన చప్పుడైంది. "నేను గూడ పిలువలేదక్కా" అన్నాడు.

అప్పుడు మళ్లీ వచ్చింది ఆ పిలుపు. అక్షరాలు కాస్త నలిగాయి. 'స' దగ్గర నాలుక తడబడింది. కానీ దీర్ఘం మాత్రం అచ్చం టీచరమ్మ దీర్ఘమే. మాసమ్మ పిట్టగోడ మీంచి వంగి చూసింది. మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, మెడ పైకెత్తి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని స్వర్ణ నిలబడి ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో బిడ్డ చెవిన గట్టిగా పడిన మాట అదొక్కటే. ఆ మాట పిలిస్తే అమ్మ తప్పకుండా వస్తుందని కూడా ఆ బిడ్డకు తెలుసు.

మాసమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది. పని మనిషిని పిలిచినట్టు కన్నబిడ్డ తనను పేరు పెట్టి పిలుస్తుంటే, ఆ పేరు అంత బాగుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"పలుకు మాసమ్మా. బిడ్డ పిలుస్తుంది, పలుకు" అంది విద్యావతి.

మాసమ్మ తల తిప్పి టీచరమ్మ వైపు చూసింది. మూతి మీద వేలు పెట్టుకుని "ష్..." అంది.

మొదటి పిలుపుకే పలికే మాసమ్మ ఆ రోజు రెండో పిలుపుకు పలకలేదు. బిడ్డ ఇంకొక్కసారి పిలుస్తుందని, చెవులు కిందికి పెట్టి, ఆ మెట్టు మీదే కూర్చుంది.